ముసలి ట్రక్కు మరమ్మతు

పిల్లలూ, జీపు మీకు తెలిసిన బండే. కొండదారి అయినా, ఇసుకవాగు అయినా, దున్నిన చేను అయినా అది ఆగకుండా పోతుంది. రెండవ ప్రపంచయుద్ధ కాలంలో అమెరికా సైన్యం కోసం దానిని తయారుచేశారు. యుద్ధం ముగిశాక అది దేశదేశాలకూ పాకింది. మన దేశంలో మహీంద్రా కంపెనీవారు 1940ల చివరలో బొంబాయిలో జీపులు కూర్చటం మొదలుపెట్టారు. ఆ తరవాత చాలా ఏళ్ళపాటు మన పల్లెలకు కలెక్టరుగారు వచ్చినా, ఎన్నికల ప్రచారం వచ్చినా జీపులోనే రావటం పరిపాటి అయింది.

ఆ జీపుకు ఇంగ్లండులో ఒక తమ్ముడు ఉన్నాడు. పేరు లాండ్ రోవర్. ఆ తమ్ముడు ఎలా పుట్టాడో, ముసలితనంలో అతనికి ఇళ్ళ దగ్గర ఎలాంటి వైద్యం జరుగుతున్నదో ఈ నెల తెలుసుకుందాం.

రోవర్ అనే మోటారు కంపెనీలో మారిస్ విల్క్స్ అనే ఆయన ప్రధాన ఇంజనీరుగా ఉండేవాడు. వేల్సు ప్రాంతంలోని ఆంగ్లసీ ద్వీపంలో ఆయనకు పొలం ఉంది. సైన్యం అమ్మివేసిన పాత జీపు ఒకటి కొని, దానిని పొలం పనులకు వాడుకునేవాడు. అది పాడైపోతే ఏం చెయ్యాలి? మళ్ళీ అలాంటి జీపే కొనాలి. మరో దారి లేదు. ‘‘మనమే అటువంటి బండి ఎందుకు చెయ్యకూడదు?’’ అని ఆయనకు తోచింది. 1947లో పని మొదలైంది. మొదటి నమూనా బండిని జీపు చాసీ మీదనే కట్టారు. దాని స్టీరింగు కుడివైపూ కాదు, ఎడమవైపూ కాదు, సరిగ్గా నడిమధ్యన ఉండేది! 1948 ఏప్రిల్ 30న హాలండులోని ఆంస్టర్‌డామ్ మోటారు ప్రదర్శనలో లాండ్ రోవర్ మొట్టమొదట లోకానికి కనిపించింది.

అప్పటికి యుద్ధం ముగిసి మూడేళ్ళే అయింది. ఇంగ్లండులో ఉక్కుకు రేషను ఉండేది. అందుచేత బండి పైరేకులను అల్యూమినియంతో చేశారు. కాని బరువు మోసే చాసీని అల్యూమినియంతో చేస్తే చాలదు; దానిని ఉక్కుతోనే చెయ్యాలి. నాలుగు ఉక్కు రేకులను నాలుగు పక్కలా పెట్టి, అంచులు అతికి, పొడుగాటి పెట్టెలాగా చేశారు. అంటే చాసీ దూలం లోపల బోలుగా ఉంటుందన్నమాట. ఈ సంగతి జ్ఞాపకం పెట్టుకోండి. మన కథ అంతా ఆ బోలు దూలంలోనే ఉన్నది.

లాండ్ రోవర్‌లలో వెనక తొట్టి ఉన్న ట్రక్కు రకం ఒకటి ఉంది. దాని తొట్టిలో గడ్డిమోపులు వేసుకోవచ్చు, గొర్రెలను ఎక్కించుకోవచ్చు. 1958లో వచ్చిన రెండవ వరస బండ్లలో పొడుగు ట్రక్కుకు ముందు ఇరుసు నుంచి వెనక ఇరుసుకు దూరం 109 అంగుళాలు, అంటే దాదాపు 2 మీటర్ల 77 సెంటీమీటర్లు. దానికి మామూలు గేర్లు గాక మరి రెండు పిడులు ఉంటాయి. పసుపుపచ్చ పిడిని కిందికి నొక్కితే ఇంజను బలం నాలుగు చక్రాలకూ అందుతుంది. ఎర్ర పిడిని వెనక్కు లాగితే వేగం బాగా తగ్గి, లాగే శక్తి పెరుగుతుంది. బురదలో దిగబడినప్పుడు ఈ రెండు పిడులే బండిని గట్టుకు చేరుస్తాయి.

అలాంటి ట్రక్కులు ఇప్పటికీ బ్రిటన్‌లో పొలాల పక్క పాకల్లో, ఇళ్ళ వెనక తోటల్లో పడి ఉంటాయి. కొందరు వాటిని కొని, ఇంటికి చేర్చి, సెలవురోజుల్లో తమ చేతులతోనే బాగుచేసుకుంటారు. ఈ పని నెలలు పట్టవచ్చు, ఏళ్ళూ పట్టవచ్చు. ఇంటిదగ్గర ఇది సాధ్యం కావటానికి కారణం ఉంది. ఆ బండి రేకులు చాలా మటుకు చదునుగా ఉంటాయి. చాలా భాగాలు బోల్టులతో బిగించినవే. విప్పటానికి పానాలూ, ఓర్పూ ఉంటే చాలు. విడిభాగాలు కూడా ఈనాటికీ దొరుకుతున్నాయి.

సరే, అరవై ఏళ్ళ ట్రక్కు ఒకటి ఇంటి ముంగిట నిలబడి ఉందనుకోండి. ముందు ఏం చెయ్యాలి? రంగు కొట్టాలా? ఇంజను తిప్పాలా? రెండూ కాదు. ముందు చూడాలి. చూడటమంటే కంటితోనే కాదు, చెవితో కూడా.

సంతలో కుండ కొనేటప్పుడు మీ అమ్మమ్మ ఏం చేస్తుందో గమనించారా? వేలిని మడిచి కుండను కొట్టి వింటుంది. ఖంగుమంటే మంచి కుండ. బొద్దుగా పలికితే పగులు ఉన్న కుండ. మెకానిక్కు కూడా చిన్న సుత్తి పట్టుకుని చాసీని జానెడు జానెడు దూరాన కొట్టి వింటాడు. గట్టి ఉక్కు ఖంగుమంటుంది. లోపల తుప్పు తిన్నచోట మెత్తగా, బరువుగా పలుకుతుంది. ఒక్కొక్కచోట సుత్తి దెబ్బకు రేకే లోపలికి పోతుంది! పైన రంగు నున్నగా ఉంటుంది, కింద ఇనుము ఉండదు.

ఇలా ఎందుకు జరుగుతుంది? ఇనుముకు గాలిలోని ప్రాణవాయువూ, నీటి తడీ రెండూ తగిలితే తుప్పు పడుతుంది. ఉప్పు కలిసిన తడి అయితే మరీ త్వరగా పడుతుంది. బ్రిటన్‌లో చలికాలం రోడ్ల మీద మంచు గడ్డకట్టకుండా ఉప్పు చల్లుతారు. చక్రాలు ఆ ఉప్పునీటినీ, బురదనూ పైకి చిమ్ముతాయి. అవి చాసీ రంధ్రాలలోనుంచి బోలు దూలంలోకి చేరతాయి. బయటి తడి ఎండకు ఆరిపోతుంది. లోపలి తడి వారాల తరబడి ఆరదు. అందుచేత చాసీ లోపలినుంచి బయటికి తుప్పు పడుతుంది. తుప్పు ఇనుము కంటె ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది గనుక పొరలు పొరలుగా ఉబ్బి రాలిపోతుంది. రాలినకొద్దీ కింద కొత్త ఇనుము బయటపడుతుంది. దానికీ తుప్పు పడుతుంది.

అల్యూమినియం సంగతి వేరు. దానికీ ప్రాణవాయువు తగులుతుంది. కాని అప్పుడు ఏర్పడే పొర పలచగా, గట్టిగా అంటుకుని ఉండి, కింది లోహాన్ని కాపాడుతుంది. అందుకే అరవై ఏళ్ళ తరవాత కూడా ట్రక్కు పైరేకులు బాగానే ఉంటాయి. కాని అల్యూమినియానికీ ఒక చిక్కు ఉంది. అది ఉక్కును ఆనుకుని ఉన్నచోట ఉప్పునీరు చేరితే, ఆ రెండు లోహాల మధ్య సన్నని విద్యుత్ ప్రవాహం పుడుతుంది. బాటరీలో జరిగేటటువంటి పనే ఇది. ఆ పనిలో అరిగిపోయేది అల్యూమినియమే. తలుపుల అంచుల్లోనూ, ఉక్కు బోల్టుల చుట్టూ తెల్లటి పొడి కనిపిస్తే కారణం ఇదేనని తెలుసుకోవాలి. బాగుచేసేవారు ఈ రెండు లోహాలూ నేరుగా తాకకుండా మధ్య రంగో, రబ్బరో, మైనమో ఉంచుతారు.

చూడటం అయిన తరవాత విప్పటం. ఏళ్ళ తరబడి తుప్పు పట్టిన నట్టు పానా పెట్టి గుంజితే ఊడదు, బోల్టు విరుగుతుంది. నట్టు మీద పలచని నూనె వేసి, రాత్రంతా నాననిచ్చి, మర్నాడు మళ్ళీ వేసి, అప్పుడు కొంచెం ముందుకూ కొంచెం వెనక్కూ కదిలిస్తూ విప్పుతారు. విప్పిన ప్రతి భాగానికీ చీటీ కడతారు. ప్రతిచోటి బోల్టులనూ వేరువేరు డబ్బాల్లో వేస్తారు. విప్పకముందే ఫోనుతో ఫోటోలు తీస్తారు. ‘‘ఇది గుర్తుంటుందిలే’’ అనుకున్నవాడు ఆరు నెలల తరవాత బల్ల నిండా మరలు పోసుకుని తల గోక్కుంటాడు. ఇంట్లో పిల్లలు ఉంటే ఈ చీటీలు రాసే పని వాళ్ళదే. ఆ పనిలో చక్కటి దస్తూరికి ఎంత విలువ ఉందో తెలిసివస్తుంది.

విప్పిన తరవాత అసలు పరీక్ష వస్తుంది. ఆ పరీక్ష ట్రక్కుకు కాదు, మనిషికి. చాసీలో చెయ్యి పట్టేంత కన్నం ఉందనుకోండి. దానిని బాగుచెయ్యటానికి రెండు దారులు ఉన్నాయి. ఒకటి, కన్నంలో పుట్టీ కూరి, గరుకు కాగితంతో నున్నగా రుద్ది, పైన నల్లరంగు పూయటం. ఒక్క సాయంత్రంలో అయిపోతుంది, ఖర్చు తక్కువ, చూసినవారు మెచ్చుకుంటారు కూడా. రెండవది, తుప్పు తిన్న భాగాన్ని గట్టి ఇనుము తగిలేవరకు కోసివేసి, అంతే మందం ఉన్న కొత్త ఉక్కు రేకును కొలతకు కత్తిరించి, చుట్టూ వెల్డింగుతో అతకటం. దీనికి రోజులు పడుతుంది. వెల్డింగుకు ముందు బాటరీ తీగ విప్పాలి. ముందు సీటు కింద ఉండే పెట్రోలు టాంకును ఊడదీసి దూరంగా పెట్టాలి. ఇంతా చేసి రంగు పూసిన తరవాత ఎవరికీ కనపడదు!

రంగు ఆరిన తరవాత రెండూ ఒక్కలాగే ఉంటాయి. తేడా ఎప్పుడు తెలుస్తుంది? బండి నిండా బరువు వేసుకుని గుంతలో పడినప్పుడు తెలుస్తుంది. ఆ చాసీకే కమాన్ కట్టలు తగిలించి ఉంటాయి. ఆ కట్టలకే ఇరుసు ఉంటుంది. పుట్టీ బరువు మొయ్యదు. అది విడిపోతే ఇరుసు పక్కకు తిరుగుతుంది. స్టీరింగు మాట వినదు. బండిలో ఉన్నవారూ, రోడ్డున పోయేవారూ ఆ ఒక్క సాయంత్రపు తొందరకు మూల్యం చెల్లించవలసి వస్తుంది.

బ్రిటన్‌లో 1960 నుంచి పాత బండ్లకు ఏటేటా పరీక్ష ఉండేది. పరీక్షకుడు తుప్పునూ, బ్రేకులనూ చూసి బండి రోడ్డు మీదికి రావచ్చో లేదో చెబుతాడు. కాని 2018 మే 20 నుంచి, నలభై ఏళ్ళు దాటి, పెద్ద మార్పులు ఏవీ చెయ్యని బండ్లలో చాలావాటికి ఆ ఏటి పరీక్ష తప్పనిసరి కాకుండా చేశారు. బండిని మంచి స్థితిలో ఉంచవలసిన బాధ్యత మటుకు సొంతదారుకు తప్పలేదు. అంటే ఏమైంది? పరీక్ష పెట్టే మేష్టరు వెళ్ళిపోయాడు. పరీక్ష మాత్రం పోలేదు. ఇప్పుడు ప్రశ్నపత్రం ఇచ్చేదీ, జవాబు దిద్దేదీ బండిగలవాడే. అందుకే తెలివైనవారు తప్పనిసరి కాకపోయినా బండిని తీసుకువెళ్ళి పరీక్ష చేయించుకుంటారు.

చాసీ మరీ చెడిపోతే పూర్తిగా కొత్తది వేస్తారు. కొందరు జింకు పూత ఉన్న చాసీని ఎంచుకుంటారు. మన ఇళ్ళలో ఇత్తడి గిన్నెలకు కళాయి పెట్టించినట్టు, ఉక్కును కరిగిన జింకులో ముంచి తీస్తారు. బోలు దూలం లోపల కూడా పూత పడుతుంది. ఎక్కడైనా గీత పడినా, ముందు జింకు అరిగిపోయి ఉక్కును కాపాడుతుంది. పాత చాసీనే ఉంచుకునేవారు దాని లోపలికి మైనం వంటి పదార్థాన్ని చిమ్మి తడి తగలకుండా చేస్తారు.

ఇక ఇంజను. ఏళ్ళ తరబడి తిరగని ఇంజనును ఒక్కసారిగా తిప్పకూడదు. నాలుగు ప్లగ్గులూ ఊడదీసి, సిలిండర్లలో కాస్త నూనె పోసి, కొన్ని రోజులు ఆగి, ముందువైపు పెట్టే చేతిపిడితో మెల్లగా తిప్పుతారు. అది కదిలాక ప్లగ్గులు బిగించి, మంట పుట్టే తీగలు విప్పి ఉంచి, మళ్ళీ చేత్తో తిప్పితే ఒక వింత తెలుస్తుంది. పిడి రెండు చుట్లు తిరిగేసరికి నాలుగుసార్లు బరువుగా అడ్డుతగలాలి. నాలుగు సిలిండర్లూ గాలిని వంతులవారీగా నొక్కటమే ఆ బరువు. మూడుసార్లే తగిలితే ఒక సిలిండరులో గాలి కారిపోతున్నదన్నమాట. చూడండి, ఖరీదైన సాధనం లేకుండానే చెయ్యి రోగం చెప్పేసింది! పిడిని పట్టుకునేవారు బొటనవేలిని మిగతా వేళ్ళ పక్కనే ఉంచుతారు. పిడి ఎదురుతిరిగి తన్నితే చుట్టూ వేసిన వేలు విరుగుతుంది.

బ్రేకుల దగ్గర పిల్లల సాయం నిజంగా కావాలి. కాలితో పెడలు తొక్కితే, గొట్టాలలోని ద్రవం ఆ ఒత్తిడిని నాలుగు చక్రాలకూ చేరుస్తుంది. మూసిన పాత్రలోని ద్రవం ఒత్తిడిని అన్నివైపులకూ సమంగా పంపుతుందని పాస్కల్ అనే ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు మూడువందల ఏళ్ళకు పూర్వమే కనిపెట్టాడు. ద్రవం నొక్కితే నలగదు, గాలి నలుగుతుంది. గొట్టంలో గాలి బుడగ ఉంటే, మనం తొక్కిన బలమంతా ఆ బుడగను నలపటానికే సరిపోతుంది, బండి ఆగదు. అందుచేత తుప్పు గొట్టాలు మార్చిన తరవాత బుడగలను వెళ్ళగొట్టాలి.

దానికి ఇద్దరు మనుషులు కావాలి. బిడ్డ సీటులో కూచుంటుంది. తండ్రి చక్రం దగ్గర ఉంటాడు. ‘‘తొక్కమ్మా!’’ అంటాడు. బిడ్డ పెడలు తొక్కిపట్టి, ‘‘తొక్కాను నాన్నా!’’ అంటుంది. అప్పుడు తండ్రి చిన్న మర వదులు చేస్తాడు. బుడగలతో పాటు ద్రవం సన్నగొట్టంలోనుంచి సీసాలోకి వస్తుంది. మర బిగించి, ‘‘ఇక వదులు’’ అంటాడు. అప్పుడే వదలాలి. ముందే వదిలితే గాలి మళ్ళీ లోపలికి పోయి, చేసిన పని చెడుతుంది. బుడగ ఒక్కటీ రానంతవరకు నాలుగు చక్రాలకూ ఇలాగే చేస్తారు. ఈ పనిలో బలం కంటె మాట వినటం ముఖ్యం. పాత బ్రేకు డ్రమ్ముల్లోని పొడి మటుకు పిల్లలు ముట్టుకోకూడదు, ఎవరూ ఊదకూడదు. పూర్వం బ్రేకు పట్టీలలో ఆస్‌బెస్టాస్ అనే పీచు వాడేవారు. అది ఊపిరితిత్తులకు చేటు.

ఇంకొక ప్రమాదం చెప్పాలి. ఈ ట్రక్కు చేతిబ్రేకు చక్రాలను పట్టుకోదు. గేరుపెట్టె వెనక, వెనక ఇరుసుకు పోయే కడ్డీని పట్టుకుంటుంది. వెనక చక్రం ఒకదానిని జాకీతో పైకి ఎత్తారనుకోండి. ఇరుసు నడుమ ఉండే పళ్ళచక్రాల అమరిక వల్ల గాలిలో ఉన్న చక్రం ఒకవైపు తిరిగితే నేలమీది చక్రం రెండోవైపు తిరగగలదు. కడ్డీ కదలనే కదలదు, బండి మాత్రం దొర్లిపోతుంది! అందుచేత చక్రాలకు ముందూ వెనకా దిమ్మెలు పెట్టాలి; ఎత్తిన తరవాత బలమైన స్టాండ్ల మీద దించాలి. కేవలం జాకీ మీద నిలిచిన బండి కిందికి ఎవ్వరూ దూరకూడదు, పెద్దలైనా సరే.

అన్నీ అయ్యాక చివరకు రంగు. ఇక్కడొక విచిత్రం ఉంది. చాలామంది తలుపుల మీది పాత నొక్కులను ఉండనిస్తారు. ఆవు కొమ్ము తగిలిన నొక్కు, గేటుకు రాసుకున్న గీత అన్నీ ఆ బండి బతుకుకు గుర్తులే కదా! 1948 ఆంస్టర్‌డామ్ ప్రదర్శనలో నిలిపిన బండ్లలో ఒకటి చాలా ఏళ్ళు జాడ తెలియకుండా పోయి, ఇంగ్లండులో సాలిహల్ పట్టణానికి కొద్ది మైళ్ళ దూరాన ఒక ఇంటి తోటలో దొరికింది. దానిని బాగుచేస్తామని 2018లో కంపెనీవారు ప్రకటిస్తూ, వెలిసిన లేతాకుపచ్చ రంగును కూడా అలాగే కాపాడతామన్నారు.

దీనిలో ఒక నియమం కనిపిస్తుంది. అందానికి లోటైనది ఉండవచ్చు. బలానికి లోటైనది ఉండకూడదు. పుట్టీ పూసేవాడు సరిగ్గా దీనికి తలకిందులుగా చేస్తాడు. అందం దిద్ది, బలహీనతను లోపలే దాస్తాడు.

ఇప్పుడు మీరు చెయ్యదగిన ప్రయోగం చెబుతాను. నాలుగు ఇనపమేకులు తీసుకుని, గరుకు కాగితంతో మెరిసేటట్టు రుద్దండి. మొదటిదానిని పొడి సీసాలో వేసి మూత బిగించండి. రెండవదానిని గ్లాసులో సగం మునిగేటట్టు మంచినీళ్ళలో ఉంచండి. మూడవదానిని అలాగే ఉప్పునీళ్ళలో ఉంచండి. నాలుగవదానికి అంతటా ఆముదం పట్టించి, అప్పుడు ఉప్పునీళ్ళలో ఉంచండి. రోజూ ఒకే వేళకు చూసి, కనపడినది పుస్తకంలో రాయండి. వారం తిరిగేసరికి బోలు దూలం కథ అంతా ఆ నాలుగు మేకులూ మీకు చెబుతాయి.

ఆ తరవాత మీ ఇంట్లో సైకిలు ఉంటే దానిని నీడలో పెట్టి, మడ్‌గార్డు కింద, సీటు కడ్డీ మొదట్లో, గొలుసు మీద ఎక్కడెక్కడ తుప్పు ఉందో వెతకండి. ఏది తుడిస్తే పోతుందో, ఏది బలాన్ని తినేస్తున్నదో వేరువేరుగా జాబితా రాసి నాన్నగారికి చూపించండి. బ్రేకు తీగ దగ్గర తుప్పు కనిపిస్తే మాత్రం జాబితా పూర్తయ్యేదాకా ఆగవద్దు, వెంటనే చెప్పండి.